పక్క వీధిలోనే టీవీ స్టూడియో ఉంది, మన సంఘాలు వాడుకోవాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ పత్రిక ప్రవాస పేజీలో అమెరికాలోని ఉగాది, బతుకమ్మ, త్యాగరాజ ఆరాధన వార్తలు ఏడాది పొడుగునా వస్తుంటాయి. ఆ కార్యక్రమాల వీడియోలు చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. పిల్లలు నెలల తరబడి నేర్చుకున్న నాట్యం అది. అందులో గాయని గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, ముఖాలు వెలుతురుకు పాలిపోయి ఉంటాయి, చివరి పది నిమిషాలు అసలే ఉండవు. అదే ఊళ్ళో మంచి కెమెరాలు, ఆడియో బోర్డు, ఎడిటింగు గది, నేర్పే మనిషి ఉన్న కమ్యూనిటీ టీవీ కేంద్రం ఉండొచ్చు. ఊరివాళ్ళెవరైనా వెళ్ళి పని నేర్చుకుని, సామాను ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో తెచ్చుకుని, తీసింది ఆ ఛానల్లో వేయించుకోవచ్చు. మన సంఘాల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసి వెళ్ళినవాళ్ళకు కూడా తెలుగు కార్యక్రమం దగ్గరికి వచ్చేసరికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఎదురవుతాయి. వాటి గురించే ఈ ఉత్తరం.

ముందుగా ఈ కేంద్రాలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలి. 1972లో అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, వంద పెద్ద టీవీ మార్కెట్లలోని కేబుల్ కంపెనీలు ప్రజలకు ఒకటి, విద్యాసంస్థలకు ఒకటి, స్థానిక ప్రభుత్వానికి ఒకటి చొప్పున ఛానళ్ళు విడిచిపెట్టాలని నిబంధన పెట్టింది. 1979లో సుప్రీంకోర్టు అలాంటి నిబంధనలను కొట్టేసింది. 1984 కేబుల్ చట్టం ఆ ఛానళ్ళు అడిగే అధికారాన్ని స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. ఊరి రోడ్ల వెంట తీగలు వేసుకున్నందుకు కేబుల్ కంపెనీ తన కేబుల్ టీవీ వసూళ్ళలో 5 శాతం దాకా ఫీజు కట్టాలి. అందులో ఎంత భాగం టీవీ కేంద్రానికి చేరుతుందన్నది ఆ ఊరి ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. మసాచుసెట్స్‌లో చాలా ఊళ్ళకు ఇలాంటి కేంద్రం ఉంది. న్యూయార్కులో మన్‌హాటన్ నైబర్‌హుడ్ నెట్‌వర్క్, కాలిఫోర్నియాలో క్రియేటీవీ సాన్ హోసే వంటివి పెద్దవి. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఊళ్ళు చాలావాటికి అందుబాటులో ఒకటి ఉంటుంది.

చేరడం కష్టం కాదు. ఓరియంటేషన్‌కు ఒక సాయంత్రం వెళ్ళాలి. ఆ తర్వాత కెమెరా, స్టూడియో, ఎడిటింగు, దేనికి దానికి విడిగా తరగతి ఉంటుంది. ఏ తరగతి పూర్తిచేస్తే ఆ సామాను మాత్రమే చేతికిస్తారు. సంఘం నుంచి ఒక్కరే వెళ్ళి అన్నీ నేర్చుకోవడం దండగ పని. ఆ ఒక్కరూ ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్తే అంతా మొదటికొస్తుంది. నలుగురు వెళ్ళి, ఇద్దరు కెమెరా, ఒకరు ఆడియో, ఒకరు ఎడిటింగు పట్టుకుంటే నిలబడుతుంది. మాకు ఈ సాంకేతిక విషయాలు రావని వెనకాడే పెద్దవాళ్ళకు ఒక్క మాట: జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు కెమెరా పట్టి తమ విత్తనాల గురించి, చేల గురించి సినిమాలు తీశారు. పక్కనే మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. బడి చదువు అంతగా లేనివాళ్ళు చేసిన పని అది.

అరగంట ముఖాముఖి కార్యక్రమానికి స్టూడియోలో మామూలుగా ఎనిమిది మంది కావాలి: డైరెక్టరు, ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మార్చే స్విచ్చరు మీద ఒకరు, ఆడియోకు ఒకరు, టైటిళ్ళకు ఒకరు, ఫ్లోర్ మేనేజరు, మూడు కెమెరాల దగ్గర ముగ్గురు. రిమోట్‌తో తిరిగే కెమెరాలుంటే నలుగురితో అయిపోతుంది. హెడ్‌సెట్‌లో డైరెక్టరు రెండో కెమెరాకు ముందు 'రెడీ టూ' అని, అప్పుడు 'టేక్ టూ' అంటాడు. ఆ రెండు మాటల మధ్య ఉన్న క్షణంలోనే కెమెరా మనిషి ఫ్రేము సరిచూసుకుని కదలకుండా నిలబడాలి. కెమెరా మీద ఎర్రదీపం వెలిగాక జూమ్ ముట్టుకోకూడదు. ఇవన్నీ తరగతిలో చెప్తారు.

తరగతిలో చెప్పనిది ఒకటుంది. అక్కడి వాలంటీర్లలో ఎక్కువమందికి తెలుగు రాదు. మాట్లాడుతున్న మనిషి వాక్యం ఎక్కడ ముగిస్తాడో, ఇంకొకరు ఎప్పుడు అందుకుంటారో డైరెక్టరుకు అందదు. కట్ ఎప్పుడూ ఒక క్షణం వెనకబడే ఉంటుంది. అందుకని డైరెక్టరు పక్కన తెలుగు తెలిసిన మనిషి ఒకరు కచ్చితంగా కూర్చోవాలి. నాట్యమైతే ఇది మరీ అవసరం. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి జడను తెర మీదుగా ఇవతలికి వేసే ఘట్టం తెలియని డైరెక్టరు ఆ సమయంలో నట్టువాంగం చేసే గురువు ముఖం చూపిస్తుంటాడు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు కదులుతుంటే కెమెరా ముఖం మీదికి వెళ్ళిపోతుంది. రిహార్సల్ రోజున ఫోన్‌లో తీసిన వీడియో చూస్తూ ఒక కాగితం తయారుచేసుకోవాలి. పల్లవి ఎన్నో నిమిషంలో, జతి ఎక్కడ మొదలు, పళ్ళెం ఎక్కేది ఎప్పుడు, ఎక్కడ నిండు ఆకారం కనిపించాలి, ఎక్కడ ముఖం దగ్గరగా చూపాలి. ఒక పేజీ చాలు, కెమెరా వాళ్ళ ముగ్గురికీ తలా ఒక కాపీ ఇవ్వాలి. నా అనుభవంలో ఖరీదైన కెమెరా కంటే ఈ కాగితం వల్లనే వీడియో బాగుపడుతుంది.

ఇక శబ్దం. సగానికి పైగా తెలుగు వీడియోలు ఇక్కడే పాడవుతున్నాయి. ప్రేక్షకుల వెనక నిలబెట్టిన కెమెరాకున్న మైకు హాలంతా తిరిగివచ్చిన శబ్దాన్ని పడుతుంది, గొంతును పట్టదు. సౌండ్ మనిషిని అడిగి, వేదిక మైకులన్నీ కలిసే అతని మిక్సర్ నుంచి ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ (మూడు పిన్నుల ఆడియో తీగ) తెచ్చుకోవాలి. దాన్ని పెట్టే చోట కెమెరా మీద చిన్న మీట ఉంటుంది: లైన్, మైక్, మైక్ ప్లస్ 48 వోల్టులు. మిక్సర్ నుంచి వచ్చేది బలమైన సంకేతం కాబట్టి మీట లైన్ దగ్గరే ఉండాలి. మైక్ దగ్గర వదిలేస్తే శబ్దం పగిలిపోతుంది, ఎడిటింగులో ఎవరూ బాగుచేయలేరు. 48 వోల్టుల దగ్గర ఉంటే ఆ కరెంటు మిక్సర్‌లోకి వెనక్కి వెళ్తుంది, సామానుకే ప్రమాదం. లెవెలు ఆటోలో పెట్టకూడదు. పద్యం పాడే నటుడు రాగం తీసి ఆగినప్పుడు ఆటో వెంటనే హాలు గోలను పైకి లేపుతుంది, మళ్ళీ ఎత్తుకోగానే గొంతును నొక్కేస్తుంది. చేత్తో పెట్టుకుని, కెమెరా మీటరులో మామూలు గొంతు మైనస్ 20 డెసిబెళ్ళ దగ్గర, పెద్ద గొంతు మైనస్ 12 దగ్గర ఆడేలా చూసుకోవాలి. సున్నాను ఎప్పుడూ తాకకూడదు.

మిక్సర్ తీగ ఒక్కటే సరిపోతుందనుకుంటే అదీ పొరపాటే. వేదిక మీద మైకు పెట్టినవే అందులో వస్తాయి. గజ్జెల శబ్దం రాదు, పళ్ళెం రాపిడి రాదు, చప్పట్లు రావు. నాట్యం మూగగా ఉంటుంది. కెమెరాలోని మొదటి ఆడియో ఛానల్‌కు మిక్సర్ తీగ, రెండో ఆడియో ఛానల్‌కు వేదిక అంచున నేల మీద పెట్టిన మైకు కలపాలి. ఎడిటింగులో ఆ రెండింటినీ కలిపి కుడి ఎడమలు రెండింటికీ పంపాలి. అలాగే వదిలేస్తే టీవీలో ఒక స్పీకర్ నుంచి పాట, ఇంకో స్పీకర్ నుంచి గజ్జెలు వస్తాయి. ఇలా వచ్చిన కార్యక్రమాలను కేంద్రాలు తిప్పి పంపుతాయి. తీగ కలపగానే గుయ్‌మని సన్నటి హోరు వస్తే, కెమెరా, మిక్సర్ వేర్వేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకుంటున్నాయన్నమాట. కెమెరాను బ్యాటరీ మీద నడపాలి, లేదా కేంద్రంలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా అడిగి తెచ్చుకుని మధ్యలో పెట్టాలి.

చీర కట్టుకున్నవాళ్ళకు కాలర్ మైకు ఎలా పెట్టాలో ఏ తరగతిలోనూ చెప్పరు, ఎందుకంటే అక్కడ నేర్పేది కోటుకు పెట్టడమే. పైట ఎడమ భుజం మీద ఉంటుంది కాబట్టి మైకు జాకెట్టు మెడ అంచుకు కుడి వైపున పెట్టాలి. గడ్డానికి జానెడు కింద ఉంటే చాలు. పట్టు పైట మైకును రాసుకుంటే గరగరమంటుంది. పైటను రెండు పిన్నులతో కదలకుండా ఆపాలి. హారం, నల్లపూసలు మైకుకు తగిలి టిక్కుటిక్కుమంటుంటాయి. వాటిని తీసేయమనడం మర్యాద కాదు, మైకునే పక్కకు జరిపి మెడికల్ టేపుతో జాకెట్టుకు అంటించాలి. ట్రాన్స్‌మిటర్ డబ్బాను నడుము వెనక లంగా బొందుకు తగిలించి, తీగను జాకెట్టు లోపలి నుంచి తేవాలి. ఈ పని చేయడానికి బృందంలో ఒక స్త్రీ ఉండి తీరాలి. పంచె కట్టుకున్న పండితులకు బెల్టు ఉండదు, డబ్బాను లాల్చీ జేబులో వేయాలి. కండువా మైకు మీద పడుతుందేమో కార్యక్రమం మొదలవకముందే ఒకసారి తలాడించమని చూడాలి. బతుకమ్మకైతే నిలబెట్టిన మైకు పనికిరాదు, వలయం తిరిగేకొద్దీ పాట దూరమవుతుంది. పాట ఎత్తుకునే ఆమెకే వైర్‌లెస్ పెట్టాలి. వైర్‌లెస్ బ్యాటరీలు మొదట్లో ఒకసారి, విరామంలో ఒకసారి కొత్తవి వేయాలి, గుర్తు ఎంత చూపిస్తున్నా సరే. సంఘం బీరువాలో ఉన్న పాత వైర్‌లెస్ సెట్టు, ఇండియా నుంచి తెచ్చిన సెట్టు వాడేముందు వెనక రాసిన ఫ్రీక్వెన్సీ చూడాలి. 617 నుంచి 652, 663 నుంచి 698 మెగాహెర్ట్జ్ మధ్య నడిచేవి అమెరికాలో 2020 జూలై 13 నుంచి నిషిద్ధం.

బొమ్మ విషయంలో మొదటి చిక్కు ఫ్రేముల వేగం. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, ఇండియాది 50. ఇండియాలో కొన్న కెమెరా సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు యాభయ్యో వంతు మీద ఉంటుంది. దాన్ని అలాగే ఇక్కడి హాల్లో వాడితే లైట్లు మినుకుమినుకుమంటాయి. కేంద్రం ఇచ్చిన 29.97 ఫ్రేముల కెమెరాలతో కలిపితే కదలిక కుదుపుగా ఉంటుంది. అన్ని కెమెరాలూ 29.97, షట్టరు అరవయ్యో వంతు. వైట్ బ్యాలెన్సు ఆటోలో ఉంటే వేదిక దీపాల రంగు మారినప్పుడల్లా చర్మం రంగు మారుతుంది. వేదిక మామూలు వెలుతురులో తెల్లకాగితం పట్టించి మూడు కెమెరాలకూ ఒకేసారి పెట్టి, మళ్ళీ ముట్టుకోకూడదు. ఎక్స్‌పోజర్ కూడా చేత్తోనే. హాలు చీకటి, వేదిక వెలుతురు అయినప్పుడు ఆటో చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది, ముఖాలు తెల్లగా మాడిపోతాయి. తెల్ల పంచె మడతలు, జరీ అంచు నేత కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటూ తగ్గించుకుంటే ముఖం సరిగ్గా ఉంటుంది.

స్టూడియోలో ఆకుపచ్చ తెర ముందు ఉగాది కార్యక్రమం చేయాలని చాలామందికి సరదా. ఆకుపచ్చ చీర కట్టుకుంటే ఒళ్ళు మాయమవుతుందని అందరికీ తెలుసు, మామిడి తోరణం కూడా మాయమవుతుందని మాత్రం ఎవరికీ తోచదు. అరటాకు, తమలపాకు, దర్భ అన్నీ పోతాయి. మన పండుగలకు ఆకుపచ్చ తెర వద్దు. నల్ల తెరో గచ్చకాయ రంగు తెరో చాలు. సన్న గళ్ళ చీరలు, సన్న చారల చొక్కాలు టీవీలో ఈదుతున్నట్టు కనిపిస్తాయి. వచ్చే అతిథికి ఈ సంగతి రెండు రోజుల ముందే చెప్పాలి.

తెలుగు టైటిళ్ళ సంగతి చాలా బాధపెడుతుంది. స్టూడియోలోని టైటిల్ యంత్రాల్లో కొన్నింటికి తెలుగు లిపిని పేర్చడం రాదు. ఒత్తులు కిందికి దిగకుండా పక్కన పడతాయి, 'స్త్రీ' మూడు ముక్కలవుతుంది, పెద్దల పేర్లు తప్పుల తడకగా వస్తాయి. దీనికి విరుగుడు ఒక్కటే: ఇంట్లోనే యూనికోడ్ తెలుగు సరిగ్గా చూపించే ప్రోగ్రాములో టైటిల్ తయారుచేసి, 1920 బై 1080 కొలతలో, వెనక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ బొమ్మగా తీసుకెళ్ళాలి. ఒక్కో పేరుకు ఒక్కో బొమ్మ. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన ఆహ్వానపత్రిక నుంచి పేర్లు కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, మళ్ళీ యూనికోడ్‌లో టైపు చేయాల్సిందే. నాలుగు అంచుల్లోనూ పదేసి శాతం ఖాళీ వదలాలి. ఒత్తులకు చోటు కావాలి కాబట్టి రెండు వరసల మధ్య ఇంగ్లీషుకు వదిలేదానికంటే ఎక్కువ జాగా పెట్టాలి. చాలా చోట్ల కేబుల్ కంపెనీలు ఈ ఛానళ్ళను ఇంకా హెచ్‌డీలో ఇవ్వడం లేదు, సన్నటి అక్షరాలు చదవడానికి వీలుండదు. లావు అక్షరాలే వాడాలి. అడుగున ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు ఉంటే ఇక్కడ పుట్టిన పిల్లలు, పొరుగువాళ్ళు కూడా చూస్తారు.

కెమెరా మెమరీ కార్డుల లెక్క ముందే వేసుకోవాలి. సెకనుకు 35 మెగాబిట్లతో రికార్డు చేస్తే గంటకు దాదాపు 16 జీబీ. నాలుగు గంటల కార్యక్రమం మూడు కెమెరాలతో తీస్తే దాదాపు 200 జీబీ. కొన్ని కెమెరాలు పొడుగు రికార్డింగును 4 జీబీ ముక్కలుగా కోస్తాయి. ముక్కలను ఒక్కొక్కటిగా ఏరుకుని కాపీ చేస్తే ముక్కల మధ్య కొన్ని ఫ్రేములు ఎగిరిపోతాయి. కార్డులోని ఫోల్డరును మొత్తంగా కాపీ చేయాలి. రెండు డ్రైవుల్లోకి చేరాయని తెరిచి చూశాకే కార్డు తుడవాలి. ముందు కెమెరాలన్నీ ఆన్ చేసి వేదిక మధ్య ఒకరు గట్టిగా చప్పట్లు కొట్టి, విరామం దాకా ఏ కెమెరా ఆపకుండా ఉంటే తర్వాత కలపడం తేలిక.

కేంద్రానికి ఇచ్చే ఫైలు సాధారణంగా హెచ్ 264 అనే వీడియో పద్ధతిలో, 29.97 ఫ్రేములు, ఆడియో 48 కిలోహెర్ట్జ్, సగటు శబ్దం మైనస్ 24 ఎల్‌కేఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం). అరగంట జాగాకు 28 నిమిషాల 30 సెకన్లు అడిగే కేంద్రాలు చాలా ఉన్నాయి. నాలుగు గంటల సభను యథాతథంగా ఇస్తే ఎవరూ చూడరు. ఒక్కో నాట్యం, ఒక్కో కచేరీ విడివిడిగా అరగంట భాగాలు చేస్తే ఛానల్ వాళ్ళు మళ్ళీ మళ్ళీ వేస్తారు.

నిర్మాత సంతకం చేసే పత్రం మీద రెండు విషయాలు ఉంటాయి, వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకటి, ఇది వ్యాపార ప్రసారం కాదు. దాతల పేరు చెప్పి కృతజ్ఞతలు తెలపొచ్చు. ధర చెప్పడం, మా దగ్గర కొనండి అనడం కుదరదు. వేదిక ఎక్కి మాట్లాడిన రియల్ ఎస్టేట్ దాత ప్రసంగాన్ని కత్తిరించగలం. పిల్లలు నాట్యం చేస్తుండగా వెనక ఎల్‌ఈడీ తెర మీద నడిచే ప్రకటనను కత్తిరించలేం. నాట్యం జరిగినంతసేపు ఆ తెర మీద ప్రకటనలు ఉండకూడదని దాతలతో ముందే మాట్లాడుకోవాలి. ఎల్‌ఈడీ తెర కెమెరాలో గీతలు గీతలుగా కూడా పడుతుంది కాబట్టి ఆర్పేస్తే మరీ మంచిది. రెండోది హక్కులు. సినిమా పాట మీద చేసిన నాట్యాన్ని ఛానల్‌కు ఇవ్వకూడదు, బాధ్యత సంతకం పెట్టినవారిదే. త్యాగరాజ కృతిని ప్రత్యక్షంగా పాడితే ఇబ్బంది లేదు, అదే కృతిని ఏదో కంపెనీ సీడీ పెట్టి ఆడితే ఆ రికార్డింగుకు హక్కుదారు ఉంటాడు. అన్నమయ్య పదాలు పాతవే అయినా ఇప్పుడు మనం పాడే వరసల్లో చాలావరకు ఇటీవలి విద్వాంసులు కట్టినవి, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. పిల్లలున్న ప్రతి అంశానికీ తల్లిదండ్రుల సంతకం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే తీసుకోవాలి. కార్యక్రమం అయ్యాక ఎవరూ దొరకరు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ఈ కేంద్రాల ఆదాయం తగ్గిపోతోంది. ఫీజు కేబుల్ టీవీ వసూళ్ళ మీదే, ఇంటర్నెట్ మీద కాదు. జనం కేబుల్ మానేసి ఇంటర్నెట్‌లో చూస్తున్నకొద్దీ ఆ 5 శాతం చిక్కిపోతోంది. కేబుల్ లైసెన్సులు ఇచ్చే అధికారం టెక్సస్‌లో 2005లో, కాలిఫోర్నియాలో 2006లో ఊళ్ళ చేతి నుంచి రాష్ట్రానికి వెళ్ళింది. ఆ రాష్ట్రాల్లో ఈ ఛానళ్ళ కోసం విడిగా వచ్చే ఒక శాతం సామాను కొనడానికే తప్ప జీతాలకు పనికిరాదు. కొత్త కెమెరాలున్నా నేర్పే మనిషి లేని పరిస్థితి వస్తోంది. మసాచుసెట్స్ వంటి చోట్ల ఊరే లైసెన్సు ఇస్తుంది. గడువు తీరడానికి మూడేళ్ళ ముందే పునరుద్ధరణ పని మొదలవుతుంది, బహిరంగ విచారణ పెడతారు. అక్కడికి తెలుగువాళ్ళు వెళ్ళి మా కార్యక్రమాలు ఈ ఛానల్లో వస్తున్నాయి, మా పిల్లలు ఇక్కడ పని నేర్చుకున్నారు అని చెప్తే ఆ మాటకు విలువ ఉంటుంది. చెప్పాలంటే ముందు కార్యక్రమాలు చేసి ఉండాలి.

ఉగాది మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్యలోపు వస్తుంది. జనవరిలో ఓరియంటేషన్, ఫిబ్రవరిలో తరగతులు పూర్తయితేనే ఆ రోజుకు చేతులు సిద్ధమవుతాయి. వసంతంలో హైస్కూలు నాటకాలకు, ఊరి సభలకు కూడా అవే కెమెరాలు వెళ్తాయి కాబట్టి హాలు బుక్ చేసిన రోజే కేంద్రానికి ఫోన్ చేసి కెమెరాలు, వైర్‌లెస్ మైకులు, ఐసొలేషన్ డబ్బా సంఘం పేరున రాయించుకోవాలి.

ఇట్లు,
ఒక కమ్యూనిటీ టీవీ వాలంటీరు, మసాచుసెట్స్